సిస్టర్ చేతిలో ఫోన్: అందులో ఏముండాలో ఎవరు తేల్చాలి?



మన ఆసుపత్రిలో మందుల కౌంటరు పక్కన గోడకు ఒక సలహాల పెట్టె ఉంది. నెలకోసారి దాన్ని తెరిచి చీటీలు చదవడం నా పనుల్లో ఒకటి. మంచినీళ్ల గురించి, మరుగుదొడ్ల గురించి, ఓపీ చీటీ కోసం నిలబడే వరుస గురించి రాస్తుంటారు. ఈమధ్య వచ్చిన ఒక చీటీ మాత్రం నన్ను రెండు రోజులు ఆలోచనలో పెట్టింది. "మా నాన్నగారికి ఫిట్స్ వచ్చి మేమంతా కంగారు పడుతుంటే డ్యూటీ సిస్టరు ఫోను చూసుకుంటూ నిలబడింది. వార్డులో నర్సులకు ఫోన్లు లేకుండా చేయండి" అని రాసి ఉంది.

విచారించాను. ఆ రాత్రి డాక్టరుగారు ఫెనిటాయిన్ అనే ఇంజెక్షన్ డ్రిప్‌లో ఎక్కించమని రాశారు. పేషెంటుకు అప్పటికే ఎక్కుతున్నది గ్లూకోజ్ బాటిల్. ఫెనిటాయిన్‌ను గ్లూకోజ్ నీళ్లలో కలిపితే మందు విరిగి సన్నని పలుకులుగా తేలుతుంది. ఉప్పు సెలైన్‌లోనే కలపాలి. పైగా వేగంగా ఎక్కిస్తే బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. పెద్దవాళ్లకైనా నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని ఆ అమ్మాయి ఈ రెండు సంగతులూ సరిచూసుకోవడానికే ఫోను తీసింది. ఒక్క నిమిషం చూసి, బాటిల్ మార్చి, చుక్కల లెక్క కట్టి మందు ఎక్కించింది. పెద్దాయన నాలుగో రోజు ఇంటికి వెళ్లారు.

చీటీ రాసినవారిని నేను తప్పు పట్టను. తండ్రి కొట్టుకుంటుంటే ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడిన మనిషిని చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ అమ్మాయినీ తప్పు పట్టను. తెలియనిది తెలిసినట్టు నటించకుండా చూసుకుని చేసింది. తప్పు ఎక్కడైనా ఉంటే మా పెద్దల దగ్గర ఉంది. ఆమె ఫోనులో ఏ యాప్ ఉందో, అది ఏ దేశం వారిదో, ఎప్పటి సమాచారమో మాలో ఒక్కరికీ తెలియదు. ఆమె స్నేహితురాలు చెబితే దింపుకుందట. ఆ రోజు అది సరైన జవాబే ఇచ్చింది. ప్రతిరోజూ ఇస్తుందని ఎవరు పూచీ?

అందుకే ముందే నా అభిప్రాయం చెప్పేస్తున్నాను. నర్సుల చేతిలో మందుల సమాచారం ఉండాలి. అయితే ఏ యాప్ వాడాలన్నది ఒక్కొక్క నర్సు ఇష్టానికి వదిలేయకూడదు. అది ఆసుపత్రి ఎంచి, పరీక్షించి, ఖర్చు పెట్టుకుని వార్డులో పెట్టవలసిన వస్తువు. బీపీ మిషను ఎవరింటి నుంచి వాళ్లు తెచ్చుకోమని చెప్పం కదా!

జేబులో పుస్తకం నుంచి జేబులో ఫోను దాకా

నేను నర్సింగ్ నేర్చుకునే రోజుల్లో ప్రతివారి జేబులోనూ అరచేతి వెడల్పు నోటుబుక్కు ఒకటి ఉండేది. సీనియర్లు చెప్పినవి అందులో రాసుకునేవాళ్లం. ఏ మందు ఎంత నీళ్లలో కలపాలి, ఎంత సేపట్లో ఎక్కించాలి, ఇచ్చాక ఏం గమనించాలి. హెడ్ సిస్టర్ బల్ల మీద అట్ట ఊడిపోయిన సిమ్స్ పుస్తకం ఉండేది. రాత్రి రెండు గంటలకు సందేహం వస్తే మా గతి ఆ నోటుబుక్కు, ఆ పుస్తకం, లేదా నిద్రలో ఉన్న డాక్టరుగారి తలుపు. తలుపు కొట్టడానికి భయపడి ఊహించి చేసిన పనులు ఎన్ని ఉన్నాయో ఆ రోజుల్లో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు.

ఇంతలో అమెరికాలో పామ్ అనే చిన్న చేతి కంప్యూటర్లు వచ్చాయి. 1998లో మొదలైన ఎపోక్రటీస్ అనే సంస్థ మందుల వివరాలన్నీ అందులోకి ఎక్కించి డాక్టర్ల చేతికిచ్చింది. తరువాత స్మార్ట్‌ఫోన్లు వచ్చి అదే సమాచారం అందరి జేబుల్లోకీ చేరింది. ఇవాళ ఒక ఆసుపత్రిలో వాడే మందులు వందల్లో ఉంటాయి. 2022లో ప్రకటించిన మన జాతీయ అత్యవసర మందుల జాబితాలోనే 384 మందులున్నాయి. అన్నింటి మోతాదు, కలిపే పద్ధతి, పడనివి, దుష్ఫలితాలు ఏ ఒక్కరి తలలోనూ నిలవవు. గుర్తున్నట్టు అనిపించేది మరీ ప్రమాదం. కాబట్టి చూసి చేసే నర్సును మెచ్చుకోవలసిందే.

డాక్టరుకు కావలసింది వేరు, నర్సుకు కావలసింది వేరు

ఎక్కువ యాప్‌లు డాక్టర్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఏ జబ్బుకు ఏ మందు, ఎంత మోతాదు, ఏ మందుతో ఏది పడదు అన్నవి బాగా చెబుతాయి. నర్సు నిలబడేది ఆ తరువాతి మెట్టు మీద. మందు రాయడం అయిపోయింది, సీసా చేతిలో ఉంది. ఇప్పుడు దీన్ని దేనిలో కలపాలి? ఎంత సేపట్లో ఎక్కించాలి? అదే గొట్టంలో ఎక్కుతున్న మరో మందుతో కలవవచ్చా? ఎక్కించేటప్పుడు నాడి చూడాలా, బీపీ చూడాలా?

ఫెనిటాయిన్‌కు ఉప్పు సెలైన్ కావాలి, గ్లూకోజ్ పనికిరాదు. ఫంగస్ జబ్బులకిచ్చే ఆంఫోటెరిసిన్ దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. దానికి గ్లూకోజ్ కావాలి, ఉప్పు సెలైన్ పనికిరాదు. సెఫ్ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్‌ను కాల్షియం ఉండే రింగర్ లాక్టేట్‌తో కలపకూడదు. పసిగుడ్డుల విషయంలో ఇంకా జాగ్రత్త. పొటాషియం క్లోరైడ్ ఇంజెక్షన్‌ను పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. నర్సుకు కావలసిన యాప్ ఈ మాటలు మొదటి పేజీలోనే చెప్పాలి. పది పేజీలు కిందికి జరిపితే గానీ దొరకని సమాచారం రాత్రి డ్యూటీలో లేనట్టే లెక్క.

నర్సుల కోసమే రాసినవీ ఉన్నాయి. అమెరికాలో డేవిస్ డ్రగ్ గైడ్ పేరున్న పుస్తకం, దానికి యాప్ కూడా ఉంది. ఇచ్చే ముందు ఏం చూడాలి, ఇచ్చాక ఏం గమనించాలి, పేషెంటుకు ఏం చెప్పాలి అన్నవి వరుసగా చెబుతుంది. మంచి పుస్తకమే. కానీ అది రాసింది వాళ్ల వార్డుల కోసం.

అమెరికా యాప్, మన మందు సీసా

మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన మందు పారాసిటమాల్. అమెరికాలో దాని పేరు అసిటమినోఫెన్. ఆయాసానికి మనం వాడే సాల్బ్యుటమాల్ అక్కడ ఆల్బ్యుటరాల్. ప్రాణాపాయంలో ఇచ్చే అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. నొప్పికిచ్చే పెథిడిన్ అక్కడ మెపెరిడిన్. షుగరుకు వాడే గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబ్యురైడ్. మందు ఒకటే, పేర్లు రెండు. కొన్ని యాప్‌లు ఏ పేరుతో వెతికినా దొరికేలా ఉంటాయి, కొన్ని ఉండవు. అర్ధరాత్రి అడ్రినలిన్ అని వెతికి "దొరకలేదు" అని వస్తే కొత్త సిస్టరు పరిస్థితి ఏమిటి?

ఇంకొకటి చూడండి. జ్వరానికి మన ఊళ్లలో అడిగి మరీ కొనుక్కునే నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడకూడదని మన ప్రభుత్వం 2011లో నిషేధించింది. అమెరికాలో ఈ మందుకు ఏనాడూ అనుమతి లేదు. కాబట్టి అక్కడి యాప్‌లో వెతికితే పేరు కూడా రాకపోవచ్చు. యాప్‌లో హెచ్చరిక కనబడకపోతే ప్రమాదం లేదని అనుకునేవాళ్లు ఉంటారు. అసలు ఆ మందు గురించి యాప్‌కు ఏమీ తెలియదన్న సంగతి తట్టదు.

షుగరు లెక్క కూడా అంతే. మన దగ్గర 100, 150, 200 అని చెప్పుకుంటాం. ఇంగ్లండ్‌లో వేరే కొలత. మన 100 అక్కడ 5.6 దగ్గర ఉంటుంది. వాళ్ల అంకెను 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. ఇంగ్లండ్‌లో నర్సుగా పనిచేసే కూతురు ఫోనులో "అమ్మా, ఇవాళ నా పేషెంటుకు షుగరు 9 వచ్చింది" అంటే ఇక్కడ తల్లి గుండె జారిపోతుంది. అది మన లెక్కలో 162 మాత్రమే. ఇంట్లో నవ్వుకుని ఊరుకునే ఈ తేడా వార్డులో యాప్ లెక్కలోకి చొరబడితే నవ్వులాట కాదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇన్సులిన్. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాలు ఇంకా వాడుకలో ఉన్నాయి. వాటికి ఎర్ర మూత సిరంజి. మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే ఇన్సులిన్ కూడా వస్తుంది. దానికి నారింజరంగు మూత సిరంజి. విదేశీ యాప్‌లలో చాలావాటికి తెలిసింది ఈ 100 ఒక్కటే. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. మన సిరంజీల సంగతి తెలియని యాప్‌ను నేను ఇన్సులిన్ విషయంలో నమ్మను.

నేను చేయబోయిన తప్పు

ఇతరుల తప్పులు చెప్పి నా తప్పు దాచుకోవడం న్యాయం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మరో ఊళ్లో, పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ. ఎనిమిది కిలోల బిడ్డకు జ్వరం. పారాసిటమాల్ 5 మిల్లీలీటర్లు ఇమ్మని కేస్ షీట్‌లో ఉంది. అది 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములుండే సిరప్‌ను ఉద్దేశించి రాసింది. లెక్క సరిగ్గానే ఉంది, కిలోకు 15 మిల్లీగ్రాములు. నా చేతికి దొరికింది మాత్రం డ్రాప్స్ సీసా. అందులో ఒక్కొక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు. నేను అందులో నుంచి 5 మిల్లీలీటర్లు కొలిచాను. అంటే 500 మిల్లీగ్రాములు, ఇవ్వవలసినదానికి నాలుగు రెట్లకు పైన.

బిడ్డ నోటి దాకా తీసుకువెళ్లాను. పక్క మంచం దగ్గర ఉన్న మా సీనియర్ సిస్టరు "అమ్మాయ్, అంత చిన్న సీసా సగం దాకా ఖాళీ అయిందేం?" అంది. అంతే. సీసా చూశాను, చేతులు వణికాయి. ఆవిడ నన్ను తిట్టలేదు. "మందు పేరు చదివావు, బలం చదవలేదు" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అప్పుడు నా దగ్గర ఎంత గొప్ప యాప్ ఉన్నా ఆ తప్పు ఆగేదా? మోతాదు కిలోకు 15 మిల్లీగ్రాములు అని చెప్పేది, అది సరైనదే. సీసాలో ఎంత బలముందో అడిగి, ఎన్ని మిల్లీలీటర్లో లెక్క కట్టి చెప్పేదైతే ఆగేది. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన సమయం అని మాకు నేర్పిన అయిదు సూత్రాలలో యాప్ సాయపడేది మోతాదు, దారి వంటి రెండు మూడింటికే. మంచం మీద ఉన్నది ఎవరో, చేతిలో ఉన్నది ఏ సీసానో దానికి కనబడదు. అది చూడవలసింది నర్సు కళ్లే. యాప్ వచ్చింది కదా అని ఇద్దరు నర్సులు కలిసి సరిచూసే అలవాటు మానేస్తే మనం ముందుకు పోయినట్టు కాదు.

ఉచితం అంటే ఎవరి ఖర్చు?

యాప్ ఎంచేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఇది. తయారు చేయడానికి, ప్రతినెలా సరిదిద్దడానికి బోలెడు ఖర్చవుతుంది. అది మన దగ్గర తీసుకోకపోతే ఇంకెవరి దగ్గరో తీసుకుంటారు. చాలా ఉచిత యాప్‌లకు మందుల కంపెనీల ప్రకటనలే ఆధారం. ప్రకటన పక్కన ఉండి సమాచారం విడిగా ఉంటే కొంత సహించవచ్చు. రెండూ కలిసిపోతేనే చిక్కు.

అమెరికాలో అలాగే జరిగింది. ప్రాక్టీస్ ఫ్యూజన్ అనే సంస్థ డాక్టర్లకు రోగుల వివరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చేది. ఒక నొప్పి మందుల కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని, ఆ మందులు ఎక్కువ రాసేలా డాక్టర్లకు సూచనలు కనబడే ఏర్పాటు చేసిందని తేలింది. 2020 జనవరిలో 14.5 కోట్ల డాలర్లు కట్టి ప్రభుత్వంతో రాజీకి వచ్చింది. అవి మత్తుకు బానిసను చేసే రకం మందులు. డాక్టరు తెర మీద చూసింది వైద్య సలహా అనుకున్నాడు, దాని వెనుక ఉన్నది వ్యాపారం.

దురుద్దేశం లేకపోయినా తప్పులు జరుగుతాయి. ఫైజర్ అంత పెద్ద కంపెనీ కూడా కీళ్లవాతం తీవ్రతను లెక్కించే తన యాప్ తప్పు లెక్క చూపుతోందని 2011లో డాక్టర్లకు ఉత్తరాలు రాయవలసి వచ్చింది. 2015లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఇన్సులిన్ మోతాదు లెక్కించే 46 యాప్‌లను పరిశీలించారు. వాటిలో 67 శాతం తప్పు మోతాదు చెప్పే ప్రమాదం ఉన్నవని తేల్చారు. అంటే మూడింట రెండు! పైకి రంగురంగులుగా ఉన్నంత మాత్రాన లోపలి లెక్క సరైనదని అనుకోవడానికి లేదు.

తేదీ లేని సమాచారం

మందుల సంగతి బియ్యం బస్తా లాంటిది కాదు, నిలవ ఉంటే చెడుతుంది. మన కేంద్ర ప్రభుత్వం 2016 మార్చిలో 344 రకాల మిశ్రమ మందులను నిషేధించింది. 2024 ఆగస్టులో మరో 156 మిశ్రమాలను నిషేధించింది. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసాల మీద ముద్రించాలని 2023 డిసెంబరులో ఆదేశాలు వచ్చాయి. యాప్ చివరిసారి ఎప్పుడు సరిచేశారో దాని మీదే రాసి ఉండాలి. తేదీ లేని యాప్, తేదీ చెరిగిపోయిన మందు సీసా రెండూ ఒకటే. రెండింటినీ పారేయాలి.

నేను కోరేది

మొదటిది, వార్డు ఫోను. ప్రతి నర్సింగ్ స్టేషన్‌లో ఆసుపత్రి ముద్ర ఉన్న ఫోనో టాబ్లెట్టో ఒకటి ఉండాలి. అందులో సిమ్ కార్డు అక్కరలేదు, ఆటలు, సినిమాలు, వాట్సాప్ ఏవీ ఉండకూడదు. దాన్ని చేతిలో చూస్తే అది పని కోసమేనని బంధువులకు తెలుస్తుంది. చీటీలు రాసే అవసరం ఉండదు. ప్రతి డ్యూటీ మారేటప్పుడు స్పిరిట్‌తో తుడవాలి. గ్లవ్స్ వేసుకుని పుండు కడుగుతూ దాన్ని ముట్టుకోకూడదు. ఫోను మీద క్రిములు మోసుకెళ్లడం కూడా రోగికి హానే.

రెండవది, ఎంపిక సంఘం. ఒక డాక్టరు, ఒక ఫార్మసిస్టు, ఇద్దరు నర్సులు చాలు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పక రాత్రి డ్యూటీలు చేసే జూనియర్ కావాలి. వాడేది ఆ అమ్మాయే కనుక. సంఘం ముందు నేను పెట్టే పరీక్ష చాలా సులువు:

1. పారాసిటమాల్, అడ్రినలిన్, సాల్బ్యుటమాల్ అని మన పేర్లతో వెతికితే దొరుకుతాయా?
2. ఇంజెక్షన్‌ను దేనిలో కలపాలో, ఎంత వేగంగా ఎక్కించాలో రెండు మూడు నొక్కుల్లో కనబడుతుందా?
3. పిల్లల మోతాదును బరువును బట్టి, సీసా బలాన్ని బట్టి లెక్కిస్తుందా? వేలు జారి 8 కిలోల బదులు 80 కొడితే ఆపుతుందా?
4. ఇంటర్నెట్ తీసేసినా పనిచేస్తుందా? మన పాత భవనం మందపు గోడల వెనుక సిగ్నల్ దేవుడెరుగు.
5. ఎవరు రాశారు, ఎవరు డబ్బిస్తున్నారు, ఎప్పుడు సరిచేశారు అన్నవి పైకి చెబుతుందా?
6. రోగి పేరు, వివరాలు అడుగుతుందా? అడిగితే వద్దు. మందు సంగతి చెప్పడానికి మనిషి పేరెందుకు?

ఈ ఆరింటికీ పూర్తిగా సరిపోయేది ఒక్కటి దొరకకపోవచ్చు. రెండు యాప్‌లు పెట్టుకుందాం. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ, అంటే ఎంఎస్ఎఫ్ వారి వైద్య మార్గదర్శకాల యాప్ ఉచితం, ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుంది, మందుల కంపెనీల ప్రకటనలుండవు. వసతులు తక్కువగా ఉన్న చోట్ల కోసం రాసినది కనుక మన పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. కాన్పుల వార్డుకు డెన్మార్క్‌లోని మెటర్నిటీ ఫౌండేషన్ వారి సేఫ్ డెలివరీ యాప్ ఉంది. కాన్పు తరువాత రక్తస్రావం ఆపడం, పుట్టిన బిడ్డకు ఊపిరి పోయడం వంటివి బొమ్మల వీడియోలతో చూపిస్తుంది. ఇథియోపియాలో దాన్ని వాడిన ఆరోగ్య కార్యకర్తల నైపుణ్యం పెరిగిందని 2016లో ఒక పరిశోధన వచ్చింది. వీటి పక్కన మన నేషనల్ ఫార్ములరీ ఆఫ్ ఇండియా, 2021లో వచ్చిన ఆరవ ముద్రణ, ప్రతి వార్డులో ఉండాలి. మన దేశపు మందులకు మన పుస్తకమే కొలబద్ద.

మూడవది, గోడ మీద కాగితం. ప్రాణాపాయంలో వాడే పది పన్నెండు మందుల కలిపే పద్ధతి, మన సీసాల బలంతో సహా పెద్ద అక్షరాలతో రాసి అంటించాలి. ఛార్జింగ్ అయిపోయిన ఫోను ఎవరినీ బతికించదు.

కాదనేవారికి

"ఫోను చేతికిస్తే వీడియోలు చూస్తారు" అని మా పెద్దల్లో కొందరు అంటారు. అందుకే వార్డు ఫోను అంటున్నాను. పైగా సొంత ఫోన్లు ఎలాగూ జేబుల్లో ఉన్నాయి. మనం మంచి యాప్ ఇవ్వకపోతే చూడటం మానరు, దొరికినదాన్ని చూస్తారు.

"ఇప్పుడు ఏఐ వచ్చింది, అడిగితే అన్నీ చెబుతుంది, యాప్‌లెందుకు?" అని కుర్రకారు అంటారు. నేనూ అడిగి చూశాను. తీయగా, ధీమాగా మాట్లాడుతుంది. చిక్కంతా ఆ ధీమాతోనే. సరైనదాన్నీ తప్పునూ ఒకే గొంతుతో చెబుతుంది. ఒక పాఠం అర్థం చేసుకోవడానికి అడిగితే అడగండి. సూది చేతిలో పట్టుకుని మోతాదు మాత్రం అడగవద్దు. మందు మోతాదుకు బాధ్యత వహించే పేరు, తేదీ, పుస్తకం ఉండాలి.

"కేస్ షీట్ ఫోటో తీసి వాట్సాప్‌లో డాక్టరుగారికి పంపితే సరిపోతుంది కదా" అనేవారూ ఉన్నారు. రోగి వివరాలు సొంత ఫోనులో ఫోటోలుగా తిరగడం నాకు సమ్మతం కాదు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టం రాకముందు కూడా రోగి గుట్టు కాపాడటం నర్సు ధర్మమే.

ఇక ఖర్చు. ఇది నిజమైన అభ్యంతరం. మంచి యాప్‌లలో కొన్నిటికి ఏటా చందా కట్టాలి, ఫోన్లు కొనాలి. ఇక్కడ సంఘ కుటుంబాలకు ఒక మాట. పెళ్లిరోజుకో, పెద్దల జ్ఞాపకార్థమో మన ఆసుపత్రికి ఫ్యాన్లు, బల్లలు, వీల్‌చైర్లు ఎందరో ఇచ్చారు. వాటి మీద దాత పేరు రాస్తాం. యాప్ మీద పేరు రాయలేం, నిజమే. ఫోను పెట్టే డబ్బా మీద రాద్దాం! ఒక వార్డు ఫోనుకు ఏడాది చందా కట్టిన కుటుంబం, ఆ వార్డులో ఆ ఏడాది ఇచ్చిన ప్రతి ఇంజెక్షన్‌కూ కాపలా కాసినట్టే.

మీరు చేయగలిగింది

సిస్టరు ఫోను చూస్తుంటే మనసులో పెట్టుకోకండి. "ఏం చూస్తున్నారమ్మా?" అని నెమ్మదిగా అడగండి. మందు గురించైతే చెబుతుంది. చెప్పాలి కూడా. "మీ నాన్నగారి మందు ఎలా కలపాలో చూస్తున్నాను" అన్న ఒక్క మాట ముందే అంటే ఆ చీటీ వచ్చేది కాదని మా పిల్లలకు చెప్పాను.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు వాడుతున్న మందుల అట్టలు, సీసాలు సంచిలో వేసుకుని రండి. "తెల్ల బిళ్ళ, పొద్దున ఒకటి" అంటే ఏ యాప్ పోల్చలేదు. ఇన్సులిన్ వాడేవారు సీసాతో పాటు సిరంజి కూడా తెచ్చి చూపండి. మునుపు ఏ మందుకైనా దద్దుర్లు వచ్చి ఉంటే అడగకముందే చెప్పండి. పిల్లల బరువు తూయించండి, ఊహించి చెప్పకండి.

పిల్లల జ్వరం మందు కొన్నప్పుడు సీసా మీద బలం చదవండి. పారాసిటమాల్ 120, 125, 250 అని వేరువేరు బలాల్లో వస్తుంది, డ్రాప్స్ వేరే. పాత సీసా చెంచా లెక్క కొత్త సీసాకు పనికిరాదు.

2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ ముద్రించాలన్న నిబంధన ఉంది. మీ ఫోనుతో చూస్తే మందు అసలు పేరు, తయారైన తేదీ, గడువు తేదీ కనబడతాయి. మందు వాడాక కొత్తగా ఇబ్బంది కలిగితే మాకు చెప్పండి. 1800-180-3024 అనే ఉచిత నంబరుకు మీరే ఫోను చేసి చెప్పవచ్చు కూడా. అది దేశమంతటి మందుల దుష్ఫలితాలను నమోదు చేసే ప్రభుత్వ కార్యక్రమానిది.

ఒక్కటి మాత్రం వద్దు. సిస్టరు చూసే యాప్ మీరూ దింపుకుని మోతాదు మార్చుకోకండి. అది మందు తెలిసినవారికి గుర్తు చేయడానికి పనికొస్తుంది. వైద్యం నేర్పడానికి కాదు.

నా చేతిలో సీసా చూసి ఆ రాత్రి ఒక్క మాట అన్న మా సీనియర్ సిస్టరు ఇప్పుడు లేరు. ప్రతి వార్డులో ప్రతి రాత్రీ అలాంటి ఒకరు పక్కన ఉండాలని నా కోరిక. ఇప్పుడు డ్యూటీకి వచ్చేది చాలాసార్లు ఇరవై రెండేళ్ల అమ్మాయి, ఒంటరిగా, ముప్పై మంచాలకు. ఆమె చేతికి ఏమిస్తున్నామో పెద్దవాళ్లం చూసి ఇవ్వాలి. ఆ ఎంపిక సంఘం వచ్చే నెలలోనే కూర్చోవాలని ఆసుపత్రి పెద్దలను ఈ పత్రిక ద్వారా అడుగుతున్నాను. మీ అభిప్రాయాలు కూడా రాయండి. సలహాల పెట్టె అక్కడే ఉంది, చీటీలు నేనే చదువుతాను.